సరంగుకు సంతకం లేదు

కొలువుకు, పెత్తనానికి సంబంధించి తెలుగులో నడిచే మాటల్ని ఒకసారి వరసగా పలికి చూడండి. నౌకరు, గుమాస్తా, జమాదారు, హమాలీ, జవాను, సరంగు, కళాసీ. హాజరు, గైరుహాజరు, హుకుం, తాకీదు, వసూలు, రసీదు, జామీను, బర్తరఫు. అన్నీ పారశీకం నుంచో అరబ్బీ నుంచో వచ్చి ఈ నేలమీద వందల ఏళ్ళుగా కాపురం చేస్తున్న మాటలే. మరి ఈ మెట్లన్నిటికీ పైన కూర్చున్న మనిషిని ఏమంటాం? యజమాని అంటాం. యజ్ఞం చేయించేవాడని ఆ మాటకు అర్థం. కింది మెట్లకు మా మాటలు, పై మెట్టుకు సంస్కృతం.

ఇదేదో కుట్ర అని మేం అనటం లేదు. దివాను, జమీందారు, సర్దారు కూడా ఆ భాషల మాటలే గదా అని మీరు అడగొచ్చు. నిజమే. కాని ఆ బిరుదులు మోసినవాళ్ళు మా తాతలు కారు. కృష్ణ దిగువన, రేపల్లె చుట్టుపక్కల మా ఇళ్ళల్లో దూది ఏకినవాళ్ళున్నారు, పరుపులు కుట్టినవాళ్ళున్నారు, జట్కా తోలినవాళ్ళున్నారు, మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్ళున్నారు. నవాబులెవరో మాకు తెలియదు. సాహెబ్ అంటే దొర అని నిఘంటువు చెబుతుంది. 'ఏం సాయిబూ, ఆ బస్తా ఎత్తు' అన్నప్పుడు ఆ దొరతనం ఏ గట్టున దిగిపోయిందో నిఘంటువు చెప్పదు.

మాటల ముచ్చట ఇంతటితో ఆపుతాం. మేం మాట్లాడదలుచుకున్నది ఆ మాటల్లో ఒకదాని గురించి. సరంగు. పారశీకంలో సర్‌హంగ్ అంటే దళనాయకుడు. ఓడల మీద ఆ మాట కళాసీల పెద్దకు వచ్చింది. మా రేవులో అది చుక్కాని పట్టినవాడికి మిగిలింది.

ఇప్పుడు పెనుమూడి దగ్గర కృష్ణ మీద వారధి వుంది. ఈ శతాబ్దం మొదటి పదేళ్ళలో వచ్చింది. అవతల పులిగడ్డ, ఆ పైన అవనిగడ్డ, దివిసీమ. బస్సు కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తుండగానే ఏరు దాటిపోతుంది. అంతకుముందు దాటాలంటే పడవో, లాంచీయో. రేవు పాడుకున్నవాడు పాటదారు. ఆయన రేవుకు వచ్చేది ఏడాదికి రెండు మూడుసార్లు. గుమాస్తా పాక కింద కూర్చుని టిక్కెట్లు చింపేవాడు. సరంగు చుక్కాని పట్టేవాడు. కళాసీలు గడలు వేసేవాళ్ళు, తాళ్ళు కట్టేవాళ్ళు, అడుగున చేరిన నీళ్ళు తోడిపోసేవాళ్ళు. కాగితం మీద గీస్తే వ్యాపారమంతా ఇంతే. ఒకరి కింద ఒకరు, నాలుగు మెట్లు.

మా ఇళ్ళల్లో ఒక సరంగు తాత వుండేవాడు. దివిసీమను ముంచిన 1977 నవంబరు ఉప్పెన తర్వాత మూడు నాలుగేళ్ళకు జరిగిన సంగతి ఇది. ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. సాయంత్రం రేవు నిండా జనం. గుమాస్తా టిక్కెట్లు చింపుతూనే వున్నాడు, జనం ఎక్కుతూనే వున్నారు.

'ఏట్లో నీళ్ళు తగ్గినయ్యి గుమాస్తాగారూ. నడిమధ్యన మేట పెరిగింది. ఇంత బరువుతో పోతే అడుగు తగులుద్ది. సగం మందిని రెండో తడవకు ఆపండి' అన్నాడు తాత.

'ఆపటానికి నేనెవణ్ణి సాయిబూ? ఇవాళ రెండో తడవ లేదు. డీజిలు మిగలాలని రేపల్లె నుంచి మాటొచ్చింది.'

'ఎవరి మాట?'

'చినబాబుగారిది.'

చినబాబుగారంటే పాటదారు బావమరిది. పాటలో ఆయనకు వాటా లేదు. కాగితంలో పేరు లేదు, జీతం లేదు. మేం ఇంతకుముందు గీసిన నాలుగు మెట్లలో ఏ మెట్టు మీదా ఆయన లేడు. కాని ఆ సాయంత్రం లాంచీ కదలాలో వద్దో నిర్ణయించింది ఆయనే. ఏరు చూడకుండా, రేపల్లెలో ఎరువుల కొట్టు అరుగు మీద కూర్చుని.

తాత చుక్కాని పట్టాడు. లాంచీ నడి ఏట్లో మేట ఎక్కింది. ఎవరూ చావలేదు. పసిపిల్లలు, ముసలివాళ్ళు, పెళ్ళికూతురు, అందరూ రాత్రంతా నీళ్ళ మధ్య కూర్చున్నారు. తెల్లవారాక చేపల పడవలు వచ్చి దించాయి. మర్నాడు తాత జీతంలో నెల కోశారు. కోస్తూ అన్నమాట మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 'సరంగువి నువ్వు. ఏరు నీకు తెలియాలి గదా!'

తెలుసు. ఏరు తాతకు తెలుసు. తెలిసే చెప్పాడు. తెలివి ఆయనది, నిర్ణయం ఇంకొకరిది, తప్పు మళ్ళీ ఆయనది. కొలువు అనే ఏర్పాటులో మా బుర్రలకు ఎంతకూ కొరుకుడుపడనిది ఇదే. హుకుం పైనుంచి కిందికి వస్తుంది, సరే. హుకుంతోపాటు తప్పు కూడా పైనుంచి కిందికే ఎందుకు జారుతుంది? లాభం మాత్రం కిందినుంచి పైకి ఎట్లా ఎక్కుతుంది?

విచిత్రం ఏమంటే తాత ఎన్నడూ 'వాళ్ళు పొమ్మన్నారు, నేను పోయాను' అనలేదు. ఎవరైనా ఆయన తరఫున ఆ మాట అంటే కోపం వచ్చేది. 'ఎక్కినవాళ్ళు నా చేతిలో అమానత్' అనేవాడు. అమానత్ అంటే ఒకరు నమ్మి మన చేతిలో పెట్టింది. అట్లాగే పదిలంగా తిరిగి అప్పజెప్పవలసింది. మా దీన్‌లో దీనికి చాలా బరువుంది. నమాజు తప్పినవాణ్ణి క్షమించినా అమానత్ తప్పినవాణ్ణి మా పెద్దలు క్షమించేవాళ్ళు కాదు.

ఆ మాట దగ్గర మాలో మాకే పేచీ. తాత మాట నిజాయితీ అని కొందరం అంటాం. హుకుం చాటున దాక్కోకుండా నిలబడ్డాడు, ఎంతమంది అధికారులు అట్లా నిలబడతారు? మరికొందరం అది మా కాళ్ళకు మేమే వేసుకున్న సంకెల అంటాం. జనం నమ్మింది సరంగును. కాని సరంగు చేతిలోంచి 'ఆగు' అనే మాటను ముందే ఎవరో లాక్కున్నారు. చేతులు కట్టేసినవాడి ఒళ్ళో ఒక వస్తువు పెట్టి పదిలంగా చూడమంటే అది అమానత్ అవుతుందా?

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. తాతను వెనకేసుకు రావటానికి మేం ఇది రాయటం లేదు. ఆయన చుక్కాని పట్టకుండా గట్టున కూర్చోగలడు. కూర్చుంటే కొలువు పోతుంది, ఐదుగురు పిల్లలు. పోనీ, పోకుండా వుండటానికి అది చాలిన కారణమేనా? ఆ రాత్రి లాంచీ మునిగి వుంటే ఐదుగురు పిల్లల లెక్క మునిగినవాళ్ళ ఇళ్ళల్లో చెల్లుతుందా? చెల్లదు. తలవంచినవాడికి పాపం సున్నా కాదు. కాని తలవంచినవాడి పాపాన్ని లెక్కగట్టేటప్పుడు వంచినవాణ్ణి లెక్కలోంచి తీసేస్తే అది న్యాయం కాదు, కిట్టింపు.

వ్యాపారంలో ఎవరి కింద ఎవరో చూపించే పటాన్ని మొదట గీసినవాళ్ళ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1855లో అమెరికాలో న్యూయార్క్ అండ్ ఈరీ రైలు కంపెనీకి డేనియల్ మెకాలమ్ అనే సూపరింటెండెంటు అట్లాంటి పటం గీయించాడు. మనకు తెలిసినవాటిలో అదే మొదటిది అంటారు. దాదాపు 500 మైళ్ళ దారి. ఎక్కడ ఏ బండి ఆగిందో పైనున్నవాడికి తెలిసేసరికి పుణ్యకాలం దాటిపోయేది. అందుకని ఆ పటంలో డైరెక్టర్లను పైన కాదు, అడుగున వేళ్ళ దగ్గర పెట్టారు. అక్కణ్ణించి చెట్టు కొమ్మల్లా మనుషులు పైకి విస్తరించారు. సంగతి తెలిసేది దారి మీద వున్నవాడికి గనక రోజువారీ నిర్ణయం కూడా అక్కడివాడిదే కావాలని ఆయన ఆలోచన. రైలు కూలీల పాలిట ఆయనేమీ దేవుడు కాదు, క్రమశిక్షణలో మహా కటువు. అయినా నిజం గుర్తించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు చెట్టును తలకిందులు చేశారు. వేళ్ళు నెత్తి మీదికి పోయాయి. ఇప్పుడు ఏ ఆఫీసు గోడమీద చూసినా వేళ్ళు ఆకాశంలో, కొమ్మలు నేలమీద.

మా రేవు పటానికి ఇంకొక చిక్కు వుంది. దానికి నిలువు గీతలే కాదు, కనపడని అడ్డగీత వుంది. అది చినబాబుగారి గీత. చుట్టరికం గీత, కులం గీత. ట్యునీసియాలో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో 'అసబియ్య' అనే మాటను తన వాదానికంతటికీ ఇరుసు చేసుకున్నాడు. మనవాళ్ళు అనే కట్టు. రాజ్యం హుకుంల మీద నిలబడదు, ఈ కట్టు మీద నిలబడుతుందన్నాడు. ఆయన చెప్పింది తెగల గురించి, రాజ్యాల గురించి. మేం తెనాలి మిల్లుల్లో, రేపల్లె కొట్లలో అదే చూస్తున్నాం. పేరుకు మేనేజరు ఒకడుంటాడు. సాయంత్రం లెక్కలు చూసేది మేనల్లుడు.

ఇది మా పల్లెటూరి వెనకబాటుతనం అని ఎవరైనా అనుకుంటే పెద్ద కంపెనీల వైపు చూడండి. దేశంలోని మొదటి వెయ్యి కంపెనీల డైరెక్టర్ల కులాలను లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. నూటికి 90 మందికి పైగా పైకులాలవాళ్ళే. వాళ్ళలోనూ అత్యధికం రెండు వర్ణాలవాళ్ళు. గాజు మేడల్లో, ఇంగ్లీషు మాటల మధ్య కూడా చినబాబుగారు వున్నారు. టై కట్టుకున్నాడు, అంతే.

లౌకికవాద మిత్రులు ఇక్కడ మమ్మల్ని ఆపుతారు. 'ఇది వర్గ సమస్య. మీ సరంగు స్థానంలో ఒక పల్లెకారుల మనిషి వున్నా, మాల మాదిగల మనిషి వున్నా ఇదే జరిగేది. మధ్యలో మతం ఎందుకు?' ఒప్పుకుంటాం. ఆ లాంచీలో నీళ్ళు తోడిన కళాసీలు మావాళ్ళు కారు. వాళ్ళ జీతం తాతకన్నా తక్కువ. తిట్లు తాతకన్నా ఎక్కువ. మెట్టు దగ్గర అందరినీ ఆపుతారు. కాని ఒక్కొక్కరిని ఒక్కొక్క మాట చెప్పి ఆపుతారు. మమ్మల్ని ఆపే మాట మెచ్చుకోలులా వుంటుంది. 'సాయిబు నమ్మకస్తుడు.'

మాలో ఒకరి నాన్న మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాడు. ఏ మిల్లో చెప్పం, అట్లాంటివి బోలెడు. మిల్లు తాళంచెవులు ఆయన మొలతాడుకే వుండేవి. పంటకాలంలో రాత్రిళ్ళు లారీలు వస్తే బస్తాలు లెక్కపెట్టి దించుకునేది ఆయనే. బ్యాంకుకు డబ్బు సంచి మోసుకుపోయేదీ ఆయనే. 'సాయిబు చేతిలో పెడితే గల్లాపెట్టెలో పెట్టినట్టే' అని యజమాని నలుగురిలో అంటే నాన్న ఛాతీ పొంగేది. అన్ని వేల బస్తాలు లెక్కపెట్టిన మనిషికి ఒక్క రసీదు మీద సంతకం పెట్టే హక్కు లేదు. సంతకం గుమాస్తాది. ఆ గుమాస్తా నిన్నగాక మొన్న వచ్చిన కుర్రవాడు, యజమాని తోడల్లుడి కొడుకు. బస్తా తగ్గితే మాత్రం పిలిచేది నాన్ననే. తాళంచెవి నీ దగ్గరే గదా!

తాళంచెవికి, సంతకానికి మధ్య వున్న దూరమే మా బతుకు. తాళంచెవి జవాబుదారీ. సంతకం అధికారం. మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వకపోవటానికి నమ్మకం అని పేరు పెట్టారు. నిజంగా నమ్మినవాడికి సంతకం ఇస్తారు గదా? ఇవ్వకుండా నమ్మకస్తుడు అనటంలో కనపడని అనుమానం ఒకటి వుంది. మామూలుగా మీవాళ్ళను నమ్మం, నువ్వు వేరు, అని. పక్కింటి నమ్మకస్తుణ్ణి ఎవరూ అట్లా పొగడరు. పొగడవలసిన అవసరమే రాదు.

శుక్రవారం సంగతీ ఇట్లాంటిదే. జుమాకు గంటసేపు పోనివ్వాలని ఏ మిల్లు కాగితంలోనూ రాసిలేదు. పోనిచ్చేవాళ్ళు. 'నీ నమాజుకు ఏనాడైనా అడ్డు చెప్పానా?' అని ఏడాదికి ఒకసారైనా గుర్తుచేసేవాళ్ళు. జీతం పెంచమని అడిగిన రోజున తప్పకుండా గుర్తుచేసేవాళ్ళు. కాగితం మీద వున్నది హక్కు. యజమాని నోట్లో వున్నది దయ. దయకు వడ్డీ వుంటుంది.

ప్రభుత్వ కొలువుల్లో అన్నీ కాగితం మీదే గదా, అక్కడెట్లా వుందని చూస్తే, 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చాలు. రైల్వేల్లో మావాళ్ళు 4.5 శాతం. ఆ కొద్దిమందిలో 98.7 శాతం కింది మెట్ల మీదే. ఐఏఎస్‌లో 3 శాతం. ఇక ప్రైవేటు కంపెనీల గుమ్మం సంగతి. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ చేసిన అధ్యయనం ఒకటుంది. ఒకే రకం చదువులతో, పేర్లు మాత్రం మార్చి కంపెనీలకు దరఖాస్తులు పంపారు. పైకులపు పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు వచ్చే అవకాశం మూడోవంతు దగ్గర ఆగింది. దళితుల పేర్లకు రెండువంతుల దగ్గర. మెట్ల గురించి మేం ఇంత మాట్లాడుతున్నాంగాని కొందరికి గడప దగ్గరే పేరు అడ్డం పడుతోంది.

తప్పును కిందికి జార్చటం చినబాబుగారి సొంత తెలివి కాదు. పెద్దపెద్దవాళ్ళు దాన్నొక విద్యలా నేర్చుకున్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికుల ప్రాణాలకు ఒకణ్ణి బాధ్యుణ్ణి చేసింది. ఫ్యాక్టరీ వ్యవహారాల మీద ఆఖరి పెత్తనం ఎవరిదో ఆ మనిషి బాధ్యుడు. వినటానికి బాగానే వుంది. కంపెనీలు ఏం చేశాయంటే ఎవరో ఒక ఉద్యోగిని పిలిచి, ఆ ఆఖరి పెత్తనం నీదే అని కాగితం రాసేవి. కేసు వస్తే కోర్టు మెట్లెక్కేది అతను. జీవితంలో మొట్టమొదటిసారి ఒక ఉద్యోగికి కంపెనీ మీద పూర్తి పెత్తనం దక్కేది బోనులో నిలబడటానికి! 1984లో భోపాల్ జరిగాక, 1987లో చట్టాన్ని సవరించి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే బాధ్యులు అన్నారు. డైరెక్టర్లు సుప్రీంకోర్టుకు పోయారు. 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో కోర్టు సవరణను నిలబెట్టింది. చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లో కలిసిపోయినా ఆ తీర్పు వెనకున్న నీతి పాతబడలేదు. ఆఖరి మాట ఎవరిదో ఆఖరి జవాబు వాళ్ళదే.

మా మిల్లుల దాకా ఆ నీతి రాలేదు. ఇక్కడ ఇంకా సులువు పద్ధతి వుంది. బస్తాలు మోసే ముఠా వుంటుంది, ముఠాకు మేస్త్రీ వుంటాడు. (మేస్త్రీ మాట మాది కాదు, పోర్చుగీసువాళ్ళది. 1993లో చిరంజీవి సినిమా పుణ్యాన దానికి కొంత గౌరవం వచ్చింది.) 75 కిలోల బస్తా కింద ఒకడి నడుం విరిగితే యజమాని అంటాడు, 'వాడు నా మనిషి కాదు, మేస్త్రీ మనిషి.' మేస్త్రీ అంటాడు, 'నేనూ మోసేవాణ్ణే గదా.' పటంలో గీత మేస్త్రీ దగ్గర తెగిపోతుంది. పని ఎవరిదో తెలుసు, మనిషి ఎవరివాడో తెలియదు.

'ఆగు' అనే మాట దగ్గరికి మళ్ళీ వద్దాం. కింది మెట్టు మీదివాడికి ఆ మాట ఇస్తే వ్యాపారం సాగదు అంటారు. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో పనివాళ్ళ నెత్తిమీద తాడు వేలాడదీశారు. లోపం కనపడితే ఏ పనివాడైనా లాగొచ్చు. జట్టు నాయకుడు పరుగెత్తుకొస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే లైను ఆగుతుంది. ఎవర్నడిగి లాగావని అడగటం అక్కడ మర్యాద కాదు. తర్వాత కొన్నిచోట్ల తాడు బదులు బటన్లు వచ్చాయి. ఆ కంపెనీ ఏమీ దివాలా తీయలేదు. ధర్మం కోసం కాదు, లాభం కోసమే ఆ తాడు వేలాడదీశారనీ మాకు తెలుసు.

తాడు లేనిచోట ఏం జరిగిందో చూడండి. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు. ఒక విమానం పరుగు మొదలుపెట్టింది. రెండోది రన్‌వే దిగిందో లేదో అని ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. దిగిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. కెప్టెన్ ఆ కంపెనీలో చాలా పెద్దమనిషి. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ఆ తర్వాతనే, కిందివాడు సందేహం చెబితే పైవాడు ఆగి వినటం విమానాల్లో చదువుగా నేర్పటం మొదలైంది. 583 మంది పోయాక.

మన నదుల మీద ఏం నేర్చుకున్నాం? 2017 నవంబరు 12న విజయవాడ పక్కన పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ ఇదే కృష్ణలో తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర ఇంకొకటి మునిగింది. 40 మందికి పైగా పోయారు. ఆ వార్తలు చదువుతున్నంతసేపూ మాకు ఒకటే ఆలోచన. ఆ చుక్కాని పట్టినవాళ్ళు ఏ రేవులోనైనా 'వద్దు' అన్నారా? అంటే వినేవాళ్ళెవరు?

ఇంతవరకు వేలు బయటికి చూపించాం. ఇప్పుడు లోపలికి తిప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మాకూ దుకాణాలున్నాయి. మెకానిక్ షెడ్లున్నాయి, బిర్యానీ హోటళ్ళున్నాయి, తోళ్ళ వ్యాపారాలున్నాయి. ఆ షెడ్డులో స్పానర్లు అందించే పదమూడేళ్ళ కుర్రవాడికి జీతం లేదు, పని నేర్పుతున్నాం గదా అంటాం. వాడు ఎవరి పిల్లవాడు? మా పిల్లవాడే. ఉస్తాద్ చేయి చేసుకుంటే వాళ్ళమ్మ కూడా 'ఉస్తాదే గదా' అంటుంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త మాటను జుమా ఖుత్బాలో వింటాం, తలలూపుతాం. బయటికి వచ్చి శనివారం రమ్మంటాం.

మసీదునే చూడండి. ముతవల్లీ, కమిటీ, ఇమాము, మౌజను. అజాన్ ఇచ్చేది మౌజను. తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచేది, చాపలు దులిపేది, హౌజు కడిగేది ఆయన. కమిటీ మీటింగులో ఆయన ఎక్కడ కూర్చుంటాడు? కూర్చోడు. చాయ్ తెస్తాడు. ఆయనకు ఇచ్చేదాన్ని జీతం అనం, గౌరవ వేతనం అంటాం. జీతం అంటే ఎంతని అడగొచ్చు, ఎప్పుడని అడగొచ్చు. గౌరవాన్ని ఎట్లా అడుగుతాం?

ఇక దూదేకులవాళ్ళను కమిటీలోకి ఎంతమంది తీసుకున్నారో మీ మీ ఊళ్ళల్లో లెక్కపెట్టండి. ఉర్దూ రాదంటారు, సగం హిందువులంటారు, పేర్లు చూసి నవ్వుతారు. సయ్యద్, షేక్, పఠాన్, ఆ తర్వాత ఎక్కడో. దేవుడి ముందు ఒకే వరసలో భుజం భుజం కలిపి నిలబడి, సలాం తిప్పగానే మళ్ళీ మెట్లెక్కేస్తాం. అసబియ్య అన్నది చినబాబుగారి సొత్తు మాత్రమే కాదు. మా చేతికి చిన్న కొట్టు వస్తే చాలు, మా బావమరుదులు కూడా అరుగు మీద వచ్చి కూర్చుంటారు. ఈ మాట రాసినందుకు మావాళ్ళు మమ్మల్ని తిడతారని తెలుసు. పరువు బజారున పడేశారంటారు. మౌజను చాయ్ తెస్తున్నప్పుడు పోని పరువు, రాస్తే పోతుందా?

సరంగు తాత వారధి రాకముందే పోయాడు. ఆయన మనవడు పెనుమూడి దిగువన రొయ్యల చెరువుల దగ్గర చేస్తున్నాడు. అక్కడి పటం ఇంకా చిత్రంగా వుంటుంది. భూమి ఒకరిది, కౌలు ఇంకొకరిది, పెట్టుబడి మేత వ్యాపారిది, సలహా వారానికొకసారి బండి మీద వచ్చే టెక్నీషియన్‌ది. రాత్రి గట్టు మీద వుండేది మాత్రం మనవడు. పేరుకు సూపర్‌వైజరు. వెనామీ రొయ్యకు తెల్లవారుజాము గండం. రాత్రంతా నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి వెలుగు రాకముందు మరీ అడుగంటుతుంది. ఆ వేళకు ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది.

మొన్నామధ్య రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. జనరేటరు వుంది. అందులో డీజిలు అడుగున వుంది. డీజిలు పీపాలు పాకలో వున్నాయి. పాక తాళంచెవి మనవడి దగ్గరే వుంది. కాని అడక్కుండా తీయకూడదని హుకుం, అంతకుముందు డీజిలు పోయిందట. కౌలుదారుకు ఫోను చేశాడు. ఎత్తలేదు. వాళ్ళ తమ్ముడికి చేశాడు. ఎత్తలేదు. నాలుగుసార్లు చేసి, టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టువారకు వచ్చి నీళ్ళ పైకి మూతులు పెడుతున్నాయి. పాక తీశాడు. జనరేటరు వేశాడు. కరెంటు ఐదున్నరకు వచ్చింది. పంట నిలబడింది.

పొద్దున కౌలుదారు తమ్ముడు వచ్చాడు. చెరువు చూశాడు, రొయ్యలు చూశాడు. పీపా చూశాడు. 'ఎవర్నడిగి తీశావు?' అన్నాడు.

'రొయ్యల్ని అడిగి తీశాను' అన్నాడట వీడు.

కాగితం తెచ్చి, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు అయింది, రాసి సంతకం పెట్టమన్నారు. వీడు రాశాడు. సంతకం పెట్టేముందు అడిగాడు, ఈ కాగితం డీజిలు దొంగతనానికా, పంట కాపాడినందుకా అని. జవాబు రాలేదు. కాగితం వీడి జేబులోనే వుంది. మాకు చూపించాడు. నెలాఖరు జీతంలో కోస్తారో లేదో ఇంకా తేలలేదు.